స్కాన్ చేసినంత మాత్రాన గ్రంథాలయం కాదు

పుస్తకం పేజీలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెడితే డిజిటల్ గ్రంథాలయం సిద్ధమైనట్టేనన్న అభిప్రాయం మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది. పుస్తకం పేరు, రచయిత, ప్రచురణకర్త, ముద్రణ సంవత్సరం, అచ్చయిన ఊరు, విషయం వంటి వివరాలను మెటాడేటా అంటారు. అవి తప్పుల తడకగా ఉన్నా నష్టం లేదని, పాఠకుడు ఏదో ఒక మాట కొట్టి వెతికితే సెర్చ్ ఇంజిన్ పుస్తకాన్ని పట్టి ఇస్తుందని ఈ అభిప్రాయం గలవారు చెబుతారు. ఈ మధ్య దానికి మరో మాట తోడైంది: మిగిలిపోయిన చిక్కులన్నీ కృత్రిమ మేధ తీరుస్తుందట. అందుకే డిజిటల్ గ్రంథాలయాల నివేదికల్లో ఎన్ని లక్షల పేజీలు స్కాన్ అయ్యాయన్న లెక్క కనిపిస్తుంది గాని, ఎన్ని పుస్తకాల వివరాలను ముఖపత్రంతో సరిచూశారన్న లెక్క కనిపించదు. ఈ అభిప్రాయం పొరపాటు. తెలుగు పుస్తకాల విషయంలో మరింత పెద్ద పొరపాటు. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు పరిసరాలకు సంబంధించిన పుస్తకాలను, రచయితలను తీసుకుని చూస్తే అది ఎక్కడెక్కడ కూలుతుందో తెలుస్తుంది.

తెలుగులో ఈ చర్చకు మూలం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో రాజ్ రెడ్డి తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా, 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటి సంస్థల ఆధ్వర్యంలో ఈ పని సాగింది. వేలాది తెలుగు పుస్తకాలు అలా మొదటిసారి తెరమీదికి వచ్చాయి. ఆ మేలును తక్కువ చేసి చూడనక్కరలేదు. ఏ ఊరి గ్రంథాలయంలోనో చెదలు తినిపోవలసిన పుస్తకాలు ఇవాళ దొరుకుతున్నాయంటే ఆ కృషి వల్లనే. తర్వాత కాపీరైటు అభ్యంతరాల నడుమ 2017 ప్రాంతంలో ఆ వెబ్‌సైటు మూతపడింది. అప్పటికే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేరిన లక్షల ప్రతులే ఇప్పుడు పాఠకులకు దిక్కు.

పుస్తకాలతోపాటు వాటి వివరాలు కూడా ఉన్నవి ఉన్నట్టే అక్కడికి చేరాయి. చిక్కు అక్కడే ఉంది. స్కానింగ్ కేంద్రాల్లో పనిచేసిన ఆపరేటర్లు తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. దీర్ఘానికి అచ్చును రెండుసార్లు కొట్టడం, ట, డ, సున్నలకు అక్షరం పక్కన చిన్న గుర్తు పెట్టడం అనే పద్ధతి ఒకటి ఉండేది. కొందరు దాన్ని పాటించారు, కొందరు సగం పాటించారు, కొందరు చెవికి వినిపించినట్టు రాశారు. రచయిత పేరు తోచని చోట ‘నాట్ అవైలబుల్’ అని పడింది. ఆ పేరు ముఖపత్రం మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పుస్తకాలకు కూడా అదే గతి పట్టింది. విషయం గడిలో ‘భాష, భాషాశాస్త్రం, సాహిత్యం’ అన్న అర్థం వచ్చే ఒకే ఇంగ్లీషు శీర్షిక కింద నవల, శతకం, వ్యాకరణం, నాటకం అన్నీ కలిసిపోయాయి. ఆపరేటర్లను నిందించి లాభం లేదు. రోజుకు ఇన్ని పేజీలని లక్ష్యం పెట్టి, ముఖపత్రం చదవడానికి వేళ ఇవ్వనప్పుడు ఎవరు చేసినా ఫలితం ఇంతే.

ఈ తప్పులు ఉన్నా సెర్చ్ సరిపోతుందన్న వాదాన్ని ఇప్పుడు పరీక్షించాలి. సెర్చ్ అంటే అక్షరాల వరుసను అక్షరాల వరుసతో పోల్చడమే. తెలుగులో పేరు విభక్తి ముందు తన రూపం మార్చుకుంటుంది. కొల్లేరు కొల్లేటి అవుతుంది, ఏలూరు ఏలూరి అవుతుంది, గూడెం గూడేనికి అవుతుంది. కొల్లేరు గురించి చదవాలనుకున్న విద్యార్థి ‘కొల్లేరు’ అని కొడితే, ఆ సరస్సు చుట్టుపక్కల జీవితం మీద అక్కినేని కుటుంబరావు రాసిన ‘కొల్లేటి జాడలు’ నవల పేరుతో ఆ మాట కలవదు. కొల్లేటికోట పెద్దింట్లమ్మ గురించిన పుస్తకం ఉన్నా అదే పరిస్థితి. ఆ పుస్తకాల విషయం గడిలో ‘కొల్లేరు’ అని ఒక మనిషి ఒక్కసారి రాసి ఉంటే చాలు, పేరులో ఏ రూపం ఉన్నా అన్నీ ఒకచోట దొరుకుతాయి. పుస్తకం దేని గురించో చెప్పే మాట పుస్తకం పేరులో ఉండి తీరాలన్న నియమం ఏ రచయితకూ లేదు.

పేరులో లేకపోతే లోపలి పాఠంలో ఉంటుంది కదా, అక్షర గుర్తింపు సాఫ్ట్‌వేర్ పాఠాన్ని చదివి పెడుతుంది కదా అన్నది తర్వాతి వాదం. కొత్తగా అచ్చయిన శుభ్రమైన పుస్తకాల విషయంలో ఇది చాలావరకు నిజం. కాని డిజిటల్ గ్రంథాలయాల్లో విలువైన భాగం కొత్త పుస్తకాలు కావు. వందేళ్ల కిందటి సీసపు అచ్చులు, అరిగిపోయిన వత్తులు, అరసున్నలు, బండిరాలు, పేజీ అంచున చెదలు తిన్న పంక్తులు ఉన్న పుస్తకాలు అవి. వాటిలో ప, వ, ష, స ఒకదానికొకటి మారతాయి. ధ, థ తేడా పోతుంది. య, మ కలిసిపోతాయి. నాలుగు వందల పేజీల పుస్తకంలో ఊరి పేరు మూడుసార్లే వచ్చి, మూడుసార్లూ తప్పు చదివితే ఆ పుస్తకం ఆ ఊరికి లేనట్టే. పైగా తప్పు జరిగిందని పాఠకుడికి తెలిసే దారి కూడా లేదు. ఖాళీ ఫలితాన్ని చూసి ఆ పుస్తకం అసలు రాయనే లేదని అనుకుంటాడు. తప్పు సమాధానం కన్నా ఇది ప్రమాదకరం.

దొరకకపోవడం ఒక బాధ అయితే, అక్కరలేనివి గుట్టగా దొరకడం ఇంకొకటి. తెలుగు నేల మీద ఊరి పేరే ఇంటిపేరు. ‘తాడేపల్లి’ అని వెతికితే తాడేపల్లిగూడెం వస్తుంది, విజయవాడ దగ్గరి తాడేపల్లి వస్తుంది, చందవోలు పండితుడు తాడేపల్లి రాఘవనారాయణ శాస్త్రి వస్తారు. ‘ఏలూరి’ అంటే ఏలూరిపాటి అనంతరామయ్య వస్తారు. ‘కొవ్వలి’ అంటే ఏలూరు దగ్గరి కొవ్వలి గ్రామం వస్తుంది, వెయ్యికి పైగా నవలలు రాశారని పేరున్న కొవ్వలి లక్ష్మీనరసింహారావు కూడా వస్తారు. చిలకమర్తి లక్ష్మీనరసింహం నవల ‘గణపతి’ కోసం వెతికితే వినాయక వ్రతకల్పాలు ముందు నిలబడతాయి. ఇది ఊరి పేరు, ఇది మనిషి పేరు, ఇది పుస్తకం పేరు అని వేరుచేసి చెప్పే గడులే మెటాడేటా. ఆ గడులను సరిగ్గా నింపకుండా సెర్చ్‌ను నమ్ముకోమనడం పాఠకుడి సమయాన్ని దోచుకోవడమే. పాఠకుడి సమయాన్ని ఆదా చేయాలన్నది ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో చెప్పిన అయిదు గ్రంథాలయ సూత్రాల్లో నాలుగవది.

రచయితల పేర్ల దగ్గరికి వస్తే చిక్కు ఇంకా ముదురుతుంది. ఇంగ్లీషు పేర్లలో ఇంటిపేరు చివర ఉంటుంది కనుక అక్కడి పద్ధతి చివరి మాటను ముందుకు తెచ్చి కామా పెడుతుంది. వ్యక్తిగత పుస్తక సేకరణలకు చాలామంది వాడే కాలిబర్ వంటి సాఫ్ట్‌వేర్ కూడా ఎవరూ సెట్టింగు మార్చకపోతే అదే పని చేస్తుంది. తెలుగు పేరులో ఇంటిపేరు మొదటే ఉంటుంది. దాన్ని తిరగేస్తే ఏమవుతుందో ఈ ప్రాంతపు ఉదాహరణే చెబుతుంది. ఖండవల్లిలో పుట్టిన చిలకమర్తి లక్ష్మీనరసింహం, సాక్షి వ్యాసాల పానుగంటి లక్ష్మీనరసింహారావు, తణుకుకు చెందిన కొవ్వలి లక్ష్మీనరసింహారావు ముగ్గురూ ‘లక్ష్మీనరసింహ’ అన్న ఒక్క మాట కింద ఒకరి పక్కన ఒకరు చేరతారు. పాఠకుడు వెతికే చ, ప, క అక్షరాల కింద ఒక్కరూ ఉండరు. చిలకమర్తి, పానుగంటి, కొవ్వలి అన్న మాటలతోనే తెలుగువారు వాళ్లను గుర్తుపెట్టుకున్నారు. ఆ గుర్తును చెరిపేసే పద్ధతిని ప్రామాణికమని పిలవడం సరికాదు.

తిరగేయకపోయినా పేరు ఒకే విధంగా ఉండదు. భీమవరంలో 1895లో పుట్టిన ‘నారాయణరావు’ నవలాకారుడు కొన్ని పుస్తకాల మీద అడవి బాపిరాజు, కొన్నింటి మీద అడివి బాపిరాజు. చిలకమర్తిని చిలుకమర్తి అని అచ్చువేసిన పుస్తకాలున్నాయి. నరసింహం, నరసింహము, నరసింహముపంతులు, వెంకట, వేంకట, వేఙ్కట, చెళ్లపిళ్ల, చెళ్ళపిళ్ళ, ఇవన్నీ ముద్రణాలయం అలవాటును బట్టి, కాలాన్ని బట్టి మారిన రూపాలు. యంత్రానికి ప్రతి రూపమూ ఒక కొత్త మనిషి. అప్పుడు ఒకే రచయిత నలుగురిగా చీలిపోతాడు, ఒక్కొక్కరి పేరున నాలుగేసి పుస్తకాలు మాత్రమే కనిపిస్తాయి. దానికి తోడు బిరుదులున్నాయి. బ్రహ్మశ్రీ, కళాప్రపూర్ణ, మహామహోపాధ్యాయ, కీర్తిశేషులు అన్నవి ముఖపత్రం మీద పేరుకు ముందు ఉంటాయి కనుక ఆపరేటరు వాటితో సహా కొడతాడు. ‘శ్రీ’తో మొదలైన రచయితలంతా శ అక్షరం కింద బారులు తీరతారు.

జంటకవుల సంగతి వేరే చెప్పుకోవాలి. భీమవరం దగ్గర ఎండగండిలో పుట్టిన దివాకర్ల తిరుపతి శాస్త్రి, కడియంలో పుట్టిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి కలిసి తిరుపతి వేంకట కవులయ్యారు. తిరుపతి శాస్త్రి 1920లో కన్నుమూశారు, వేంకటశాస్త్రి 1950 దాకా జీవించి విడిగా కూడా ఎన్నో రాశారు. జంట పేరుతో వచ్చిన పుస్తకాన్ని ఇద్దరికీ ముడిపెట్టాలి, విడిగా రాసినదాన్ని ఒక్కరికే కట్టాలి. ‘తిరుపతి వేంకట కవులు’ అన్న అక్షరాల వరుసను చూసి ఇద్దరు మనుషులున్నారని, అందులో మొదటి మాట ఊరి పేరు కాదని తేల్చుకోవడానికి తెలుగు సాహిత్యం కొంతైనా తెలిసి ఉండాలి. ఎన్ని లక్షల పేజీలు స్కాన్ చేసినా ఆ తెలివిడి దానంతటది పుట్టదు.

ఊరి పేరు గడిని చాలామంది అప్రధానమని వదిలేస్తారు. నిజానికి స్థానిక చరిత్రకు అదే ఆయువుపట్టు. ఏలూరు ఒకప్పుడు పేరున్న ముద్రణ కేంద్రం. మంజువాణీ ముద్రాక్షరశాల, వెంకట్రామా అండ్ కో, రామా అండ్ కో వంటివి ఆ ఊరి పేరును తెలుగు దేశమంతటా పుస్తకాల మీద నిలిపాయి. ఏలూరులో ఏ కాలంలో ఏ పుస్తకాలు అచ్చయ్యాయన్న మామూలు ప్రశ్నకు మన డిజిటల్ గ్రంథాలయాలు ఇవాళ జవాబు చెప్పలేవు. ఇంగ్లీషు ముఖపత్రాల మీద ఆ ఊరు ఎల్లోర్. మహారాష్ట్ర గుహల ఎల్లోరాకు, దీనికి ఇంగ్లీషు వర్ణక్రమంలో ఒక్క అక్షరమే తేడా. సంస్కృత ధోరణిలో రాసిన చోట అదే హేలాపురి. ఇంగ్లీషులో పలుకుబడిని పట్టి రాసినవారు యేలూరు అన్నారు. ఈ రూపాలన్నీ ఒకే ఊరివని ఎక్కడో ఒకచోట రాసిపెట్టి ఉంటేనే ఆ ఊరి ముద్రణ చరిత్ర కంటికి కనబడుతుంది.

జిల్లా పేరు ఇంతకన్నా తిరకాసు. 1904 వరకు ఏలూరు తాలూకా గోదావరి జిల్లాలో ఉంది. ఆ ఏడాది దాన్ని కృష్ణా జిల్లాలో కలిపారు. 1925లో పశ్చిమ గోదావరి జిల్లా ఏర్పడి ఏలూరు దానికి కేంద్రమైంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలను మళ్లీ విడగొట్టినప్పుడు ఏలూరు సొంత జిల్లా అయింది. తాడేపల్లిగూడెం పశ్చిమ గోదావరిలోనే ఉండిపోయింది కాని దాని కేంద్రం భీమవరానికి మారింది. అంతవరకు కృష్ణా జిల్లాలో ఉన్న కైకలూరు ఏలూరు జిల్లాకు వచ్చింది. ఆకివీడు మాత్రం పశ్చిమ గోదావరిలో ఉంది. కాబట్టి కొల్లేరు మీద వచ్చిన పుస్తకం జిల్లా గడిలో దాని కాలాన్ని బట్టి గోదావరి, కృష్ణా, పశ్చిమ గోదావరి, ఏలూరు అని నాలుగు తీర్ల ఉండవచ్చు. నాలుగూ వాటి కాలానికి సరైనవే. గోర్డన్ మెకెంజీ 1883లో ప్రచురించిన కృష్ణా జిల్లా మాన్యువల్‌ను, హెమింగ్వే 1907లో కూర్చిన గోదావరి గెజిటీరును కొల్లేరు అన్న తెలుగు మాటతో వెతికే విద్యార్థి పట్టుకోలేడు. పాత ఇంగ్లీషు గ్రంథాల్లో ఆ సరస్సు కొలైర్.

ఇదంతా పండితుల వేడుక అని కొట్టిపారేసేవారు కొల్లేటి వివాదాన్ని గుర్తుచేసుకోవాలి. 1999లో అయిదవ కాంటూరు (సమాన ఎత్తు గీత) వరకు 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సార్ చిత్తడి నేలల జాబితాలో కొల్లేరు చేరింది. 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. 2008లో కాంటూరును మూడుకు కుదించాలని శాసనసభ తీర్మానించింది. సరస్సు ఒకప్పుడు ఎంతవరకు ఉండేది, బుడమేరు, తమ్మిలేరు వరద ఎక్కడిదాకా నిలిచేది, ఉప్పుటేరు ఎంత వేగంగా నీటిని సముద్రానికి తీసేది, వేసవిలో ఏ ఊళ్లవాళ్లు ఎక్కడ సాగు చేసేవారు అన్న ప్రశ్నలు వేల కుటుంబాల బతుకుతెరువుతో ముడిపడినవి. వాటికి సాక్ష్యం పాత గెజిటీర్లలో, నీటిపారుదల నివేదికల్లో, యాత్రా రచనల్లో ఉంది. ఆ పుస్తకాలు స్కాన్ అయి కూడా దొరకకపోతే వాదించే రెండు పక్షాలూ జ్ఞాపకాల మీదే ఆధారపడాలి.

ముద్రణ సంవత్సరం గడిలో సున్నాలో, ఊహించిన అంకెలో పెట్టి వదిలేయడం మరో అలవాటు. పాత తెలుగు పుస్తకాల్లో చాలావాటి మీద క్రీస్తు శకం ఉండదు, తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ఆ పేరు అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. ‘క్రోధి’ అంటే 1904-05 కావచ్చు, 1964-65 కావచ్చు. ప్రభవ 1867, 1927, 1987లలో వచ్చింది. ఏదో తేల్చాలంటే ముద్రణాలయం ఏ కాలంలో పనిచేసిందో, పుస్తకం వెల అణాల్లో ఉందో నయాపైసల్లో ఉందో, పీఠిక రాసినవారు అప్పటికి బతికున్నారో చూడాలి. ఇది నిమిషాల్లో తేలే పని, అయితే చూసే మనిషి కావాలి. దీని మీద చట్టం కూడా నిలబడి ఉంది. మన దేశంలో రచయిత మరణించిన అరవై ఏళ్ల వరకు కాపీరైటు ఉంటుంది. 1952లో మరణించిన బాపిరాజు రచనలు 2013 నుంచి అందరివీ అయ్యాయి. రచయిత ఎవరో, ఎప్పుడు పోయారో సరిగ్గా రాసిపెట్టని గ్రంథాలయం తన దగ్గరున్న పుస్తకాన్ని అందరికీ ఇవ్వవచ్చో లేదో తానే చెప్పలేదు. అభ్యంతరం వచ్చిన రోజున, విడిగా తీయాల్సిన పుస్తకాలేవో తెలియక, స్వేచ్ఛగా ఇవ్వదగినవాటిని కూడా మూసిపెట్టాల్సి వస్తుంది.

కృత్రిమ మేధ ఈ పని చేసిపెడుతుందన్న ఆశను ఇక్కడ పరిశీలించాలి. ముఖపత్రం బొమ్మను ఇస్తే పేరు, రచయిత, ప్రచురణకర్త వంటివి విడదీసి రాయడంలో అది సాయపడుతుంది. ఆ సాయాన్ని వద్దనడం తెలివితక్కువ. కాని తెలియని చోట ఆగడం దానికి ఇంకా సరిగా రాలేదు. ముఖపత్రం చిరిగి రచయిత పేరు లేకపోతే, పొందికగా కనిపించే ఒక పేరును తెచ్చి పెడుతుంది. ‘క్రోధి’ని ఏదో ఒక శతాబ్దానికి కట్టేస్తుంది. పాతకాలపు ‘నాట్ అవైలబుల్’ కనీసం తెలియదన్న సంగతి చెప్పింది. కల్పించిన పేరు ఆ మాట చెప్పదు, నిజంలా నిలబడి మరో పది జాబితాలకు పాకుతుంది. పైగా యంత్రం ఎంత బాగా పనిచేసిందో కొలవాలన్నా, మనుషులు సరిచూసిన నమ్మకమైన జాబితా ఒకటి ముందు ఉండాలి. యంత్రం చిత్తుప్రతి రాయవచ్చు. ఒప్పుకునే సంతకం పుస్తకాన్ని చూసిన మనిషిదే అయి ఉండాలి.

మెటాడేటాను బాగుచేయాలని ఒప్పుకునేవారిలోనూ ఒక తొందరపాటు ఉంది. వాళ్ల దృష్టిలో ప్రామాణీకరణ అంటే అన్ని రూపాలనూ ఒకే దెబ్బతో ఒక రూపంలోకి మార్చేయడం. అరసున్నలు తీసేయడం, ‘చరిత్రము’ను ‘చరిత్ర’ చేయడం, అడివిని అడవి చేయడం, ఎల్లోర్ ఉన్న చోటల్లా ఏలూరు, పశ్చిమ గోదావరి ఉన్న చోటల్లా ఏలూరు జిల్లా అని దిద్దేయడం. ఈ చివరి మార్పు తాడేపల్లిగూడెం పుస్తకాలన్నిటినీ తప్పు జిల్లాలో పడేస్తుంది. మొదటివి పుస్తకం సాక్ష్యాన్ని చెరిపేస్తాయి. 1910లో ఆ పేరు ఎలా అచ్చయిందన్నది కూడా చరిత్రే. ఒక ముద్రణను మరో ముద్రణ నుంచి వేరుచేసే ఆనవాలు చాలాసార్లు ఆ వర్ణక్రమమే. అందువల్ల రెండు గడులు కావాలి. ఒకదానిలో ముఖపత్రం మీద ఉన్నది ఉన్నట్టు, ఇంకొకదానిలో వెతకడానికి, వరుస పెట్టడానికి ఏర్పరచుకున్న ప్రామాణిక రూపం. ప్రతి రచయితకూ ఒక గుర్తింపు సంఖ్య, దాని కింద అడవి, అడివి వంటి అన్ని రూపాలూ, పుట్టిన, పోయిన సంవత్సరాలూ ఉంటే ఒక్క రూపాన్నీ చంపకుండా అందరినీ ఒక మనిషి దగ్గరికి చేర్చవచ్చు. వికీడేటా, వయాఫ్ వంటి ప్రపంచవ్యాప్త నామపట్టికలు ఇలాగే నడుస్తాయి. పాత విలువను తుడిచేసి దాని మీద కొత్తది రాసే ఏ శుద్ధి కార్యక్రమమైనా మరమ్మతు చేయలేని నష్టం చేస్తుంది.

కంటికి కనిపించని తేడాలు కొన్నింటికి మాత్రం ఈ జాగ్రత్త అక్కరలేదు, వాటిని నిస్సంకోచంగా యంత్రానికి అప్పగించవచ్చు. యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే గుర్తుగా గాని, ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా గాని రాయవచ్చు. తెరమీద రెండూ ఒకటే, సెర్చ్‌కు వేరు. పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే కనిపించని గుర్తు కొందరు పెడతారు, కొందరు పెట్టరు. అను, శ్రీలిపి ఫాంట్లలో కొట్టిన పాత జాబితాలను యూనికోడ్‌లోకి మార్చినప్పుడు కొన్ని వత్తులు చెదిరిపోతాయి. ఇవి యాంత్రికమైన తప్పులు, వీటికి యాంత్రికమైన దిద్దుబాటు ఉంది.

ఇక డబ్బు, సమయం లేవన్న వాదం. ముందు స్కాన్ చేద్దాం, పుస్తకాలు పాడైపోతున్నాయి, వివరాలు తర్వాత చూసుకోవచ్చు అంటారు. పాడైపోతున్నాయన్నది నిజమే. కాని ముందుగా వివరాలు లేనందువల్లే ఒకే పుస్తకాన్ని రెండు మూడు కేంద్రాల్లో స్కాన్ చేసిన సందర్భాలు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో ఎన్నో ఉన్నాయి. ఒకచోట ఉందని ఇంకొకచోట తెలియలేదు. ఒకే పుస్తకాన్ని మూడుసార్లు స్కాన్ చేసిన శ్రమతో ఇంకా ఎవరూ ముట్టని రెండు పుస్తకాలు మిగిలేవి. పేజీల సంఖ్యను ముఖ్య వివరంగా నమోదు చేసి ఉంటే మధ్యలో పేజీలు ఎగిరిపోయిన ప్రతులు ఆ రోజే బయటపడేవి. అసలు పుస్తకం చేతిలో ఉన్న ఆ ఒక్కరోజు దాటాక తప్పును దిద్దడం పదింతల పని, ఎందుకంటే కొన్నిసార్లు ఆ పుస్తకమే ఇక ఉండదు. కాబట్టి మెటాడేటాను తర్వాతి పనిగా పెట్టడం పొదుపు కాదు, ఖర్చును పెంచి రేపటివాళ్ల నెత్తిన వేయడం.

మనవల్ల కాని పని అన్న నిరాశకూ ఆధారం లేదు. తెలుగువారికి గ్రంథాలయం కొత్త కాదు. భీమవరం దగ్గర కుముదవల్లి అనే పల్లెలో వీరేశలింగ కవి సమాజ గ్రంథాలయం 1897లోనే వెలిసింది. 1914లో బెజవాడలో తొలి ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య వంటివారు గ్రంథాలయాన్ని ఒక ఉద్యమంగా ఊరూరా తీసుకువెళ్లారు. బ్రిటిష్ మ్యూజియంలోని తెలుగు పుస్తకాలకు బార్నెట్ 1912లోనే రచయితల పేర్ల వరుసలో ముద్రిత జాబితా వేశాడు. కంప్యూటరు పేరు వినని రోజుల్లో, కార్డు మీద చేత్తో రాసి సాధించిన క్రమాన్ని ఇన్ని సౌకర్యాలుండీ వదులుకోవడానికి ఏ సాకూ చెల్లదు. ఇటీవలి ఉదాహరణ కూడా ఉంది. తెలుగు వికీపీడియాలో స్వచ్ఛందంగా రాసేవారు 2014 ప్రాంతంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పుస్తకాల పేర్లను తెలుగు లిపిలోకి తెచ్చి, రచయితలతో జతపరచి జాబితాలు కూర్చారు. కొద్దిమంది ఆ పని చేయగలిగినప్పుడు జీతాలిచ్చే సంస్థలు చేయలేమనడం కుదరదు.

ఈ ప్రాంతంలో పని మొదలుపెట్టడానికి కావలసినవన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. ఏలూరులో జిల్లా కేంద్ర గ్రంథాలయం ఉంది, 1945 నుంచి నడుస్తున్న సర్ సి.ఆర్. రెడ్డి కళాశాల ఉంది. తాడేపల్లిగూడెంలో జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఉంది, పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది. తెలుగు చదివిన విద్యార్థి ముఖపత్రం చూసి పేరు తేల్చగలడు, కంప్యూటరు చదివిన విద్యార్థి నకళ్లను, చెదిరిన యూనికోడ్‌ను ఏరగలడు. ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టే నిర్ణయమే ఇంకా జరగలేదు. మొదటి విడతగా ఏలూరులో అచ్చయిన పుస్తకాలు, ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల రచయితల పుస్తకాలు, కొల్లేరు మీద ఏ భాషలో వచ్చినా ఆ పుస్తకాలు తీసుకోవాలి. ప్రతి పుస్తకానికీ ముఖపత్రం రూపం, ప్రామాణిక రూపం, రచయిత గుర్తింపు, ముద్రణాలయం, ఊరు, అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా, తేల్చిన సంవత్సరం, అది ఎలా తేలిందన్న ఒక వాక్యం, సరిచూసినవారి పేరు నమోదు చేయాలి. తెలియని గడిని తెలియదనే రాయాలి. ఆ జాబితాను ఎవరైనా దించుకుని వాడుకునేలా బయట పెట్టాలి. కొత్తగా స్కానింగ్‌కు నిధులు ఇచ్చే ప్రతి సంస్థా ఈ వివరాలు లేని పుస్తకానికి బిల్లు చెల్లించబోమని ఒప్పందంలోనే రాయాలి. ఇళ్లలో పాత పుస్తకాలున్నవారు, ముఖ్యంగా ముఖపత్రం చెక్కుచెదరని కొవ్వలి నవలలున్నవారు, ఆ ఒక్క పేజీని, వెనక అట్టను ఫొటో తీసి దగ్గరి గ్రంథాలయానికి అందించాలి.